జోర్జో గ్రిఫా సోలో షోకి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలోనో పారిస్‌లోనో చదువుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న మనవాళ్ళు వీకెండ్ వస్తే మ్యూజియంలకి బానే వెళ్తారు, పాత మాస్టర్ల దగ్గర ఫోటోలు దిగుతారు, అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్స్, అంటే మనిషో వస్తువో అని గుర్తుపట్టే బొమ్మ లేనివి, ఉన్న రూమ్‌లోకి రాగానే మాత్రం నడక స్పీడ్ పెరుగుతుంది, ఇలా చూసి అలా బయటికొచ్చేస్తారు. జోర్జో గ్రిఫా పెయింటింగ్స్ ముందు అలా చెయ్యొద్దని నేను కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్తూ ఉంటాను, చెప్పిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఫలానా ఊళ్ళో ఫలానా తేదీన షో అని కాదు, ఆయన సోలో షో ఎక్కడ పెట్టినా ఇది పనికొస్తుంది.

అసలు ఎవరీయన?

1936లో టురిన్‌లో పుట్టిన పెయింటర్. చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేసేవారు, కానీ చదివింది లా, 1958లో డిగ్రీ అయ్యాక లాయర్‌గా ప్రాక్టీస్ కూడా చేశారు. 1960ల మొదట్లో టురిన్‌లోనే ఫిలిప్పో స్క్రొప్పో అనే అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ దగ్గర నేర్చుకున్నారు, అయినా అప్పట్లో ఆయన వేసేవి మాత్రం మనుషులూ వస్తువులూ ఉండే మామూలు బొమ్మలే. 1967-68 దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మొత్తం పక్కకెళ్ళిపోయి గీతలూ చుక్కలూ బ్రష్ అద్దిన మరకలూ మిగిలాయి, అప్పట్నుంచి ఇక వెనక్కి చూడలేదు. 1968లో టురిన్‌లో మార్తానో గ్యాలరీలో సోలో షో, 1969లో స్పెరోనె గ్యాలరీలో, 1970లో సొన్నబెండ్ గ్యాలరీ ద్వారా న్యూయార్క్, పారిస్. వెనిస్ బియెన్నాలే అనే పెద్ద అంతర్జాతీయ ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో మూడుసార్లు ఉన్నారు: 1978, 1980, మళ్ళీ 2017. ఆ చివరి రెండు సంవత్సరాల మధ్య గ్యాప్ చూడండి! ఇటలీ బయట చాలా ఏళ్ళపాటు ఆయన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012-13 ప్రాంతంలో న్యూయార్క్‌లో కేసీ కప్లాన్ గ్యాలరీ షో పెట్టింది, ఆ ఊళ్ళో ఆయనకి సోలో షో జరగడం నలభై ఏళ్ళ తర్వాత అదే, ఆ తర్వాత వరసగా జెనీవా, బెర్గెన్, రోమ్, పోర్తో, ఆర్ల్, 2018లో లండన్‌లో కామ్డెన్ ఆర్ట్స్ సెంటర్, 2022లో పారిస్ పాంపిడూ సెంటర్. ఎవరు చూసినా చూడకపోయినా మధ్యలో అన్నేళ్ళూ ఆయన పని ఆపలేదు, నాకైతే ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది.

అన్నా, ఇందులో బొమ్మ ఎక్కడుంది?

లేదు. వెతక్కండి. నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, దీనికి సమాధానం దొరికితే మిగతావి సులువు.

పైన ఎడమ మూలనుంచి ఒక గులాబీరంగు గీత అడ్డంగా వెళ్తుంది, దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి, అవి కొండలూ కావు అలలూ కావు. ఒక మనిషి బ్రష్‌ని తడిపి గుడ్డ మీద పెట్టి లాగాడు, రంగు అయిపోయేదాకా వెళ్ళాడు, మళ్ళీ ముంచి మళ్ళీ లాగాడు, అంతే అక్కడ జరిగింది, అది జరిగిన తీరే పెయింటింగ్. తాను దేన్నీ చిత్రించట్లేదు, పెయింట్ చేస్తున్నానంతే అనేది మొదట్నుంచీ ఆయన వైఖరి. అందుకే నేను అందరికీ చెప్పే పద్ధతి ఒక్కటే: మొత్తం ఒకేసారి చూసి ఇదేంటి అని అడక్కుండా ఆయన వేసిన ఆర్డర్‌లోనే చూడండి. చాలా కాన్వాసుల మీద ఆయన చెయ్యి ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందకి నడుస్తుంది, మనం చదివే దారే. మొదటి గీత దగ్గర మొదలుపెట్టి దాని వెంటే కళ్ళని నడిపించండి, ఎక్కడ రంగు చిక్కగా ఉంది, ఎక్కడ పల్చబడింది, ఎక్కడ చెయ్యి కాస్త వణికింది, రెండో గీత మొదటిదాన్ని చూసి వంగిందా లేక తన దారిన తను వెళ్ళిందా. ఇలా ఒక కాన్వాస్ పూర్తిగా చదివితే మీకు తెలియకుండానే అయిదు పది నిమిషాలు గడిచిపోతాయి, ఆ తర్వాత బొమ్మ ఏదీ అనే ప్రశ్న మీకే గుర్తు రాదు.

ఫ్రేమ్ లేదేంటి? మడతలేంటి? ఇస్త్రీ చెయ్యకుండా తగిలించేశారా?

కావాలనే. చెక్క చట్రానికి బిగించరు, అద్దం ఉండదు, గుడ్డ పై అంచున వరసగా చిన్న చిన్న మేకులు కొట్టి గోడకి వేలాడదీస్తారు, కింది భాగం వదులుగానే ఉంటుంది, మీరు దగ్గరగా నడిస్తే కొన్నిసార్లు కొంచెం కదులుతుంది కూడా. షో అయిపోగానే మేకులు తీసి గుడ్డని మడిచి ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టేస్తారు. స్టూడియోలో కూడా వేసి ఆరాక అలాగే మడిచి ఉంచుతారు. బీరువాలో చాలాకాలం ఉన్న పట్టుచీర తీసి విప్పితే నిలువుగా అడ్డంగా మడత గీతలు ఎలా కనిపిస్తాయో ఇక్కడా అలాగే, ఆ మడతలతో గుడ్డ మీద ఒక పల్చటి గళ్ళ గీత పడుతుంది, ఆయన వేసిన గీతల కింద ఆయన వెయ్యని గీతలు. వాటిని ఆయన లోపంగా చూడలేదు, పెయింటింగ్‌లో భాగంగానే ఉంచారు.

గుడ్డ కూడా మామూలుగా పెయింటర్లు తెల్లటి ప్రైమర్, అంటే రంగు ఇంకిపోకుండా ముందుగా వేసే పూత, పూసి వాడేది కాదు. పచ్చి గుడ్డ, అంటే కాటన్, లినెన్, జనపనార, ఏది వాడితే దాని సహజమైన రంగే వెనక కనిపిస్తుంది. ప్రైమర్ లేదు కాబట్టి నీళ్ళు కలిపిన ఆక్రిలిక్ రంగు పైన పొరలా నిలబడదు, నేతలోకి ఇంకిపోతుంది, జనపనార ఒకలా పీలుస్తుంది, సన్నటి కాటన్ ఇంకోలా. గీత అంచులు దగ్గర్నుంచి చూడండి, దారాల వెంట రంగు ఎలా పాకిందో తెలుస్తుంది. అంత పల్చటి రంగు నిలువుగా ఉన్న గుడ్డ మీద వేస్తే కారిపోతుంది కదా, అందుకే గుడ్డని నేల మీద పరిచి వేస్తారు. అంటే పెయింటింగ్‌లో సగం పని ఆ గుడ్డా నీళ్ళే చేస్తున్నాయన్నమాట, పెయింటర్ దాన్ని నిర్బంధించట్లేదు, పక్కన నిలబడి సాయం పడుతున్నాడు. రంగుకీ గుడ్డకీ బ్రష్‌కీ తమవంటూ ఒక తెలివి ఉందని ఆయన నమ్మకం, చూసేకొద్దీ నాకూ అదే నిజమనిపిస్తుంది.

సగంలో ఆపేశారు కదా, మిగతాది ఎందుకు వెయ్యలేదు?

దీని గురించి గంటలు మాట్లాడగలను. చాలా కాన్వాసుల్లో గీతలు పైన మొదలై మూడో వంతో సగమో వచ్చి ఆగిపోతాయి, కింద అంతా ఖాళీ గుడ్డ. ఒక్కోసారి చివరి గీత కుడి అంచుదాకా కూడా వెళ్ళదు, మధ్యలోనే ఆగుతుంది. చూసినవాళ్ళకి ఆయన్ని ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయారేమో అనిపిస్తుంది.

పూర్తి చేస్తే ఆ పని అయిపోయినట్టు, గతంలోకి వెళ్ళిపోయినట్టు. ఆపేస్తే అది ఇంకా జరుగుతూనే ఉన్నట్టు. గ్రిఫా ఆలోచన ఇదే, చివరి గీతకి ముందే చెయ్యి తీసెయ్యడం వల్ల పెయింటింగ్ వర్తమానంలోనే ఉండిపోతుంది, మీరు ఎప్పుడు వెళ్ళి నిలబడినా తర్వాతి గీత ఇప్పుడే పడబోతున్నట్టు ఉంటుంది. కామ్డెన్ ఆర్ట్స్ సెంటర్ షోకి పెట్టిన పేరు కూడా ఎడతెగకుండా జరుగుతూ ఉండటం అనే అర్థం వచ్చేదే. జెన్ ఆలోచనలూ, క్వాంటమ్ ఫిజిక్స్‌లో హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం లాంటివీ ఆయనకి ఇష్టమైన విషయాలు, కానీ అవేవీ తెలియకపోయినా ఫర్వాలేదు. ఆగిపోయిన గీత చివర దగ్గర నిలబడి చూడండి చాలు, మీ కన్ను దానంతటదే గీతని ముందుకి పొడిగిస్తుంది, ఆ ఖాళీలో మీకు కూడా పని ఉంటుంది.

ఇది మా పాప కూడా వేస్తుంది కదా?

గీత వరకూ వేస్తుంది, అందులో అనుమానం లేదు, గ్రిఫా కూడా కాదనరు. ఎవరి చేతికైనా వచ్చే గుర్తులనే ఆయన ఎంచుకున్నారు, గీత, చుక్క, చిన్న వంకర, వెడల్పు బ్రష్‌తో ఒక అద్దు. నా సంతకం, నా స్టైల్, నా ఆవేశం అని చూపించుకునే గీతలు వద్దనుకున్నారు. వేల ఏళ్ళుగా మనుషులు కుండల మీదా రాళ్ళ మీదా గోడల మీదా వేస్తూ వచ్చిన గీత అది, ఏ ఒక్కరి సొంతమూ కాదు.

కానీ పాపని ఆపగలిగే చోట ఆపమనండి, అక్కడ తెలుస్తుంది తేడా. ఎంత ఖాళీ వదలాలి, ఏ రంగు పక్కన ఏది, చెయ్యి తొందరపడకుండా అలసిపోకుండా అదే శ్రద్ధతో పదో గీత ఎలా వెయ్యాలి, దాన్ని యాభై ఏళ్ళకి పైగా ఎలా కొనసాగించాలి. నేను ఆయన పెయింటింగ్స్‌లో చూసే కష్టం అదంతా. పిల్లల్ని మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళు బొమ్మ ఏదీ అని అడగరు, నేరుగా గీత వెంట వెళ్తారు.

కొన్నిటి మీద అంకెలు ఉన్నాయి, అవేంటి?

రెండు మూడు రకాలు ఉన్నాయి, కలిపేసుకోకండి.

ఒకటి, గీతల పక్కన 1, 2, 3 అని వేసినవి. అవి ఏ గీత ముందు వేశారు ఏది తర్వాత వేశారు అనే వరస. పైన నేను చెప్పిన పద్ధతిలో చూడ్డానికి ఇవి పెయింటర్ స్వయంగా ఇచ్చిన దారి, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇలాంటి కాన్వాస్ దొరికితే అక్కడే మొదలుపెట్టండి. రెండోది 1990ల మొదట్లో ప్రారంభించిన ‘త్రె లీనె కొన్ అరబెస్కో’ సిరీస్, ప్రతి పెయింటింగ్‌లోనూ మూడు గీతలూ ఒక అరబెస్క్, అంటే మెలికలు తిరిగే ఒక లత లాంటి గీత, ఉండాలి, ఇంకేమైనా ఉండొచ్చు, సిరీస్‌లో అది ఎన్నోదో ఆ నంబర్ ఉంటుంది. 

మూడోది ‘కానొనె ఔరెయో’, 2000 ప్రాంతం నుంచి వేస్తున్నవి, వీటి దగ్గర జనం ఎక్కువసేపు నిలబడతారు. ఇందులో ఉండేవి గోల్డెన్ రేషియో అంకెలు. ఒక గీతని రెండు ముక్కలు చేస్తే, మొత్తం గీతకీ పెద్ద ముక్కకీ ఎంత నిష్పత్తో పెద్ద ముక్కకీ చిన్న ముక్కకీ కూడా అంతే నిష్పత్తి వచ్చేలా కోస్తే, ఆ నిష్పత్తే 1.6180339887… అని వెళ్తుంది, ఎక్కడా ఆగదు, రిపీట్ కూడా అవ్వదు. గ్రీకుల కాలం నుంచి తెలిసిన సంగతే. చాలామంది పెయింటర్లు దీన్ని కొలతల కోసం వాడారు, కాన్వాస్‌ని ఎక్కడ విభజిస్తే అందంగా ఉంటుందీ అని. గ్రిఫాకి ఆ కొలత అక్కర్లేదు, ఆయన్ని పట్టుకున్నది ఆ అంకెలు ఆగకపోవడం. ఎన్ని అంకెలు చేర్చినా ఆ సంఖ్య 1.619 దాకా కూడా రాదు, పెరుగుతూనే ఉంటుంది కానీ బయటికి కాదు, లోపలికి, ఇంకా ఇంకా చిన్నదైన చోటులోకి. తెలియనిదానిలోకి అలా దిగుతూ పోవడమే పెయింటింగ్ పని కూడా అని ఆయన అనుకుంటారు కాబట్టి ఆ అంకెల వరసలో ఏదో ఒక భాగం తీసుకుని గుడ్డ మీద రంగులో రాస్తారు, అంకెలు కూడా గీతల్లాగే బ్రష్‌తో, నీళ్ళ రంగుతో. సగంలో ఆపిన గీతకీ ఆగని అంకెలకీ ఉన్న చుట్టరికం నాకు చాలా ఇష్టం.

ఈ సిరీస్‌లో కొన్ని వేరే పెయింటర్లని తలుచుకుంటూ వేసినవి, వాన్ గో కోసం వేసినది కూడా ఉంది. వేరేవాళ్ళతో ఇలా మాట్లాడటం 1970ల చివర మొదలైన ‘ఆల్టర్ ఈగో’ సిరీస్ నుంచే ఉంది, అక్కడ మతీస్, పాల్ క్లే లాంటి ఇరవయ్యో శతాబ్దపు పెద్ద పెయింటర్లు వస్తారు.

ఆర్టె పోవెరా అని గైడ్‌లో రాశారు, ఈయన ఆ గ్రూపేనా?

పూర్తిగా కాదు. ఆర్టె పోవెరా అంటే ‘పేద కళ’ అని, ఇటలీలో వచ్చిన ఒక ఆర్ట్ ఉద్యమం, 1967లో జెర్మానో చెలాంత్ అనే క్రిటిక్ ఆ పేరు పెట్టారు, టురిన్ దానికి ముఖ్యమైన ఊరు, మట్టి, రాయి, ఇనుము, గుడ్డపేలికలు, చెట్టుకొమ్మలు లాంటి మామూలు పదార్థాలతో పనిచేసిన ఆర్టిస్టులు. వాళ్ళలో అన్సెల్మో, పెనోనె, జోరియో గ్రిఫాకి బాగా దగ్గరివాళ్ళు, ఒకే ఊరు, ఒకే గ్యాలరీ. వాళ్ళు పదార్థాన్ని దాని పని దాన్ని చెయ్యనిచ్చారు, గ్రిఫా కూడా అదే చేశారు కాకపోతే ఆయన పదార్థాలు రంగు, నీళ్ళు, గుడ్డ. అప్పట్లో పెయింటింగ్ పని అయిపోయింది, ఇక పాతబడిపోయిన సంగతి అని గట్టిగా వాదించేవాళ్ళు బోలెడుమంది, స్నేహితులు చాలామంది బ్రష్ వదిలేసిన చోట ఈయన బ్రష్ పట్టుకునే ఉన్నారు.

కొత్త పెయింటింగ్స్ అంటారు, పాతవాటిలాగే ఉన్నాయి కదా?

దూరం నుంచి అలాగే అనిపిస్తుంది. 1968 నుంచి 1970ల దాకా వేసినవి చాలా నిగ్రహంగా ఉంటాయి, ఒక కాన్వాస్‌లో ఒకే రకం గుర్తు, పేర్లు కూడా అడ్డగీతలు, నిలువుగీతలు అనే అర్థం వచ్చేట్టు అంతే. 1980ల్లో రంగులు విచ్చుకుంటాయి, వెడల్పాటి రంగు చోట్లూ వంకీలూ గీతలూ అన్నీ ఒకే గుడ్డ మీదకి వస్తాయి, మతీస్‌ని చూసిన ఆనందం కనిపిస్తుంది. తర్వాత అంకెలు, ఆ తర్వాత ఒక్కోసారి అక్షరాలూ అర్థంలేని పదాలూ కూడా. ఒక సిరీస్ మొదలుపెడితే పాతది మూసెయ్యరు, అన్నీ తెరిచే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్తారు, కాబట్టి కొత్త షోలో పాత గుర్తు కనిపిస్తే అది రిపీట్ కాదు, ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టడం. కొత్త గుడ్డల్లో నేను ప్రత్యేకంగా చూసేది చెయ్యి తేలికవడం. 1970ల్లో ఉన్న క్రమశిక్షణ అలాగే ఉంటుంది కానీ గీత ఎక్కువ స్వేచ్ఛగా నడుస్తుంది, రంగు ఇంకా పల్చబడుతుంది, ఖాళీకి భయం అస్సలు ఉండదు.

ఫోటోల్లో చూస్తే సరిపోదా?

ఈయన విషయంలో అస్సలు సరిపోదు. ఫోన్‌లో లేత గులాబీ, లేత నీలం, ఊదా అన్నీ కలిసిపోతాయి, మడతలు కనిపించవు, నేత కనిపించదు, గుడ్డ ఎంత పెద్దదో తెలీదు. ముందు కాస్త దూరం నుంచి మొత్తం చూసి తర్వాత దగ్గరికి వెళ్ళి గీతల వెంట నడవండి. ముట్టుకోవద్దు, వార్నిష్ ఏమీ ఉండదు, పచ్చిగుడ్డ మీద వేళ్ళ జిడ్డు పడితే పోదు. ఫోటోలు తీసుకోవచ్చో లేదో అక్కడివాళ్ళని అడగండి, ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు.

గ్యాలరీలోకి కొనేవాళ్ళే వెళ్ళాలా? టికెట్ ఉంటుందా?

మ్యూజియంకి చాలాచోట్ల టికెట్ ఉంటుంది, ప్రైవేట్ గ్యాలరీలకి మామూలుగా ఉండదు, ఎవరైనా వెళ్ళొచ్చు. బెల్ కొట్టి లోపలికి వెళ్ళాల్సి వస్తే చాలామంది మనవాళ్ళు అక్కడే వెనక్కి తిరుగుతారు, మొహమాటపడకండి, ఒక నవ్వు నవ్వి గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికెళ్ళి ఎంతసేపైనా చూడండి. డెస్క్ మీద షో గురించి ఒక పేపర్ ఉంటుంది, ముందు పెయింటింగ్స్ చూసి తర్వాత అది చదవడం నా అలవాటు. కొన్ని గ్యాలరీలు ఆది, సోమవారాల్లో మూసి ఉంటాయి, వెళ్ళేముందు చూసుకోండి. టురిన్‌లో ఉన్నవాళ్ళయితే నవంబర్ వదులుకోవద్దు, ఆర్తిస్సిమా అనే పెద్ద ఆర్ట్ ఫెయిర్ 1994 నుంచి అక్కడ జరుగుతోంది, ఆ వారంలో ఊళ్ళో గ్యాలరీలన్నీ కళకళలాడుతూ ఉంటాయి.

మన తెలుగువాళ్ళలో అబ్‌స్ట్రాక్ట్ వేసినవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు, పెద్ద పేరే ఉంది. గుడివాడ నుంచి వెళ్ళి లండన్‌లో స్లేడ్ అనే ఆర్ట్ స్కూల్‌లో చదివి షికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు గారు, పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన పెయింటింగ్స్ గ్రిఫా పనికి దాదాపు అవతలి ఒడ్డు, రంగు నిండుగా, ఒకదానిమీద ఒకటి పొరలు పొరలుగా, కాన్వాస్ అంచుదాకా. గ్రిఫా చూసొచ్చాక రామారావు గారి పని వెతికి చూడండి, అబ్‌స్ట్రాక్ట్ అంటే ఒకటే రకం అనే అభిప్రాయం పోతుంది. ఇద్దర్లో ఎవరు గొప్ప అనే పోటీ నాకు అక్కర్లేదు.

నాకు అరగంటే టైముంది, ఏం చెయ్యను?

అన్నీ చూడాలనుకోవద్దు. షో మొత్తం ఒకసారి నెమ్మదిగా నడిచి రండి, 1970ల నాటిది ఒకటి ఉంటే అదీ, కొత్తవాటిలో మీ కాళ్ళు ఆగిన ఏదో ఒకటీ, ఆ రెండే ఎంచుకోండి. ముందు పాతదాని మొదటి గీత దగ్గర నిలబడి చివరిదాకా చదవండి, తర్వాత కొత్తది. ఇంకా టైం మిగిలితే పాతదాని దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.